కొండ కనబడక ముందే

ఇంజిన్లు సవ్యంగా తిరుగుతుంటాయి. రెక్కల్లో లోపం ఉండదు. విమానం పూర్తిగా పైలట్ల చేతిలోనే ఉంటుంది. అయినా మబ్బులోంచి తిన్నగా వెళ్లి కొండను ఢీకొంటుంది. జెట్ విమానాలు వచ్చిన తొలి దశాబ్దాల్లో ప్రయాణికులను ఎక్కువగా బలిగొన్న ప్రమాదాల్లో ఇదొక రకం. కెనడాలో పుట్టి అమెరికాలో పనిచేసిన డాన్ బేట్‌మన్ అనే ఇంజినీరు 1960ల చివర్లో దీని సంగతి పట్టించుకున్నారు. ఆయన కొత్త మీటరేదీ కనిపెట్టలేదు. విమానంలో అప్పటికే ఉన్న మీటర్ల సమాచారాన్ని ఒకచోట చేర్చి, నేల ముంచుకొస్తుంటే కేక వేసే పెట్టె తయారుచేశారు. 1974 డిసెంబరు 1న వర్జీనియాలోని మౌంట్ వెదర్ కొండను ఓ విమానం ఢీకొని 92 మంది చనిపోయాక, అమెరికా ప్రభుత్వం పెద్ద ప్రయాణికుల విమానాల్లో ఈ పెట్టెను తప్పనిసరి చేసింది.

పెట్టెకు అన్నిటికన్నా ముఖ్యమైన ఆధారం రేడియో ఆల్టీమీటర్. మామూలు ఆల్టీమీటర్ గాలి పీడనాన్ని బట్టి సముద్ర మట్టం నుంచి ఎత్తు చెబుతుంది. కింద కొండ ఉందో లోయ ఉందో దానికి తెలియదు. రేడియో ఆల్టీమీటర్ విమానం పొట్ట కింది యాంటెన్నా నుంచి నేలమీదికి రేడియో తరంగం పంపుతుంది. దాని ఫ్రీక్వెన్సీ ఒకచోట నిలవదు, 4.2 - 4.4 గిగాహెర్ట్జ్‌ల మధ్య క్రమంగా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. నేలను తాకి తిరిగొచ్చే తరంగం మాత్రం బయల్దేరినప్పటి ఫ్రీక్వెన్సీతోనే వస్తుంది. ఈలోగా యాంటెన్నా పంపే ఫ్రీక్వెన్సీ కాస్త జరిగిపోయి ఉంటుంది. ఆ రెండింటి తేడాయే ఎత్తు. వెయ్యి అడుగుల నుంచి తరంగం కిందికి వెళ్లి రావడానికి పట్టేది సెకనులో పది లక్షో వంతులు రెండే. అంత స్వల్ప కాలాన్ని నేరుగా కొలవాలంటే తలనొప్పి. దాన్ని ఫ్రీక్వెన్సీ తేడాగా మార్చేస్తే లెక్క సులువైపోతుంది. ఈ కొలత సుమారు 2,500 అడుగుల లోపు ఎత్తుకే పనికొస్తుంది.

ఆ ఎత్తును పెట్టె ఒంటరిగా చూడదు. ఎత్తు ఎంత వేగంగా తగ్గుతోంది, విమానం ఎంత వేగంతో కిందికి దిగుతోంది, చక్రాలు దించారా, రెక్కలకుండే ఫ్లాప్‌లు ఎంతవరకు చాచారు అన్నవన్నీ కలిపి చూస్తుంది. ఉన్న ఎత్తుకు తగని జోరుతో దిగుతుంటే ‘సింక్ రేట్’ అంటుంది. విమానం దిగకపోయినా కింద నేలే పైకి లేచి వస్తుంటే ‘టెర్రెయిన్, టెర్రెయిన్’ అంటుంది. గాల్లోకి లేచిన కాసేపటికే ఎత్తు కోల్పోతే ‘డోంట్ సింక్’ అంటుంది. పరిస్థితి చేయిదాటుతుంటే అన్నిటికన్నా బిగ్గరగా ‘పుల్ అప్’ అని అరుస్తుంది.

అరవడం ఏమంత కష్టం కాదు. ఎప్పుడు అరవకూడదో తెలియడంలోనే అసలు పనితనం ఉందని నాకనిపిస్తుంది. ప్రతి విమానమూ రోజూ నేల దగ్గరికి రావాల్సిందే, దిగడమంటేనే అది. దిగిన ప్రతిసారీ పెట్టె కేకలు పెడితే, నాన్నా పులి కథలో పిల్లాడి గతే దానికీ పడుతుంది. అందుకే పైలట్ల ఉద్దేశం ఏమిటో అది చక్రాలను, ఫ్లాప్‌లను చూసి పసిగడుతుంది. ఫ్లాప్‌లు ల్యాండింగ్‌కు సరిపడా చాచి ఉంటే, నేల దగ్గరవుతున్నా కొంత ఓర్చుకుంటుంది. చాలా జెట్‌లలో నెమ్మదిగా వస్తూ 500 అడుగుల లోపుకు దిగినా చక్రాలు దించకపోతే ‘టూ లో, గేర్’ అని గుర్తుచేస్తుంది.

నాకు బాగా నచ్చిన పనితనం గ్లైడ్‌స్లోప్ హెచ్చరికలో ఉంది. రన్‌వే పక్కనుంచి వచ్చే రేడియో కిరణం విమానం ఏ వాలులో దిగాలో చూపిస్తుంది. కాక్‌పిట్‌లో ఆ వాలుకు మనం ఎంత పైనో కిందో చుక్కల లెక్కన తెలుస్తుంది. వెయ్యి అడుగుల లోపు ఎత్తులో, వాలుకు 1.3 చుక్కలకు మించి కిందికి జారితే పెట్టె ‘గ్లైడ్‌స్లోప్’ అంటుంది, కానీ ఆరు డెసిబెళ్లు తగ్గించిన గొంతుతో. 300 అడుగుల లోపుకు వచ్చి రెండు చుక్కలు దాటితేనే పూర్తి గొంతు విప్పుతుంది. ముందు మెల్లగా చెప్పి చూసి, వినకపోతే గట్టిగా చెప్పే ఆ మర్యాదను ఎవరో ఇంజినీరు అంకెల్లో పెట్టి సర్క్యూట్‌గా మలిచాడు!

అయితే ఈ పెట్టెకు పెద్ద లోటు ఒకటుంది. అది కిందికే చూస్తుంది, ఎదురుగా చూడలేదు. ముందున్న కొండ నిటారుగా ఉంటే, ఆ వాలు విమానం పొట్ట కిందికి వచ్చేదాకా ఏమీ తెలియదు. 1979లో అంటార్కిటికాలోని ఎరెబస్ పర్వతాన్ని ఎయిర్ న్యూజీలాండ్ విమానం ఢీకొనడానికి సుమారు ఆరు సెకన్ల ముందు మాత్రమే కేక వినిపించింది. 1995 డిసెంబరు 20న కొలంబియాలోని కాలీ దగ్గర అమెరికన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 757కు పదమూడు సెకన్లు దొరికాయి. పైలట్లు వెంటనే పైకి లేపబోయారు. కానీ దిగేటప్పుడు రెక్కలపై లేపిన స్పీడ్‌బ్రేకులు మూయడం మరిచారు. విమానంలోని 163 మందిలో నలుగురే బతికారు.

ఎదురుగా చూడాలంటే రాడార్ పెట్టాలని ఎవరికైనా తోస్తుంది. బేట్‌మన్ బృందం అలా చేయలేదు. కొండలు కదలవు కదా, వాటిని ముందే లెక్కించి జ్ఞాపకంలో పెట్టుకుంటే చాలు అనుకుంది. భూమి అంతటినీ గడులుగా విభజించి, ఒక్కో గడిలో అన్నిటికన్నా ఎత్తైన చోటును నమోదు చేసింది. రన్‌వేల దగ్గర గడులు చిన్నవి, దూరం వెళ్లేకొద్దీ పెద్దవి. సోవియట్ యూనియన్ కుప్పకూలాక అక్కడి సైన్యం గీసిన పటాలు అమ్మకానికి వస్తే, వాటినీ కొన్నారు. యుద్ధం కోసం సేకరించిన ఎత్తులు అలా ప్రయాణికుల విమానాల్లోకి చేరాయి. 1990ల నడిమికి కొత్త పెట్టె సిద్ధమైంది.

జీపీఎస్ చెప్పే చోటును ఈ పటం మీద పెట్టి, విమానం వెళ్లే దారిని పెట్టె ముందుకు సాగదీసి చూస్తుంది. విమానం మలుపు తిరుగుతుంటే ఆ చూపూ అటువైపే విచ్చుకుంటుంది. దారిలో కొండ తగులుతుందనిపిస్తే దాదాపు అరవై సెకన్ల ముందు ‘కాషన్, టెర్రెయిన్’ అంటుంది. ముప్ఫై సెకన్ల దూరానికి వచ్చాక ‘పుల్ అప్’ అంటుంది. తెర మీద విమానం కన్నా బాగా ఎత్తున్న నేల ఎరుపుగా, కాస్త అటూఇటూ ఉన్నది పసుపుగా, కిందున్నది ఆకుపచ్చగా కనబడుతుంది. వివరాలు లేని ప్రాంతానికి పెట్టె మెజెంటా రంగు వేస్తుంది, తనకు తెలియనిదాన్ని ఆకుపచ్చలో దాచదు. పైలట్లు ఆల్టీమీటర్‌ను తప్పుగా సరిచేసుకున్నా మోసపోకుండా, జీపీఎస్ ఎత్తును, రేడియో ఎత్తును, పీడనపు ఎత్తును పోల్చి తనకంటూ ఓ ఎత్తును లెక్కకట్టుకుంటుంది.

పటంలో తప్పు దొర్లవచ్చు, పటంలోకి ఎక్కని రన్‌వేలూ ఉండవచ్చు. అలాంటి చోట దిగేటప్పుడు ముందుచూపు హెచ్చరికలను ఆపే మీట ఒకటి కాక్‌పిట్‌లో ఉంటుంది. 2012 మే 9న ఇండోనేషియాలోని సలాక్ పర్వతం దగ్గర ప్రదర్శన విమానం సుఖోయ్ సూపర్‌జెట్‌లో తొలి హెచ్చరిక ఢీకొనడానికి 38 సెకన్ల ముందే వచ్చింది. డేటాబేస్‌లోనే ఏదో పొరపాటు ఉందనుకుని కెప్టెన్ దాన్ని ఆపేశారు. మొత్తం 45 మంది చనిపోయారు. తర్వాత దర్యాప్తు అధికారులు సిమ్యులేటర్‌లో ఆ ప్రయాణాన్ని మళ్లీ నడిపి చూశారు. తొలి హెచ్చరిక తర్వాత 24 సెకన్ల దాకా ఆలస్యమైనా, అప్పుడు పైకి లేపి ఉంటే కొండను తప్పించుకునేదని తేలింది.