ఏరడంలోనే ఉంది పనితనం

ఆర్ ప్రోగ్రామింగ్ భాషలో ఒకరి పనితనం తెలుసుకోవాలంటే వాళ్లు గీసిన రంగురంగుల గ్రాఫులు చూడనక్కర్లేదు. లిస్టులోంచి కావలసినవాటిని ఎలా ఏరారో, ఆ ఒక్క లైను చూస్తే చాలు.

ఒక లిస్టులో రోగుల వివరాలున్నాయి. ఒక్కో రోగీ ఒక ఆబ్జెక్టు: పేరు, వయసు, షుగర్. షుగర్ 140 దాటినవాళ్లు కావాలి. చెయ్యి తిరిగినవాళ్లు వీఅప్లై అన్న ఆర్ ఫంక్షనుకి మూడు అప్పగిస్తారు: లిస్టు, 'దాటిందా?' అని అడిగే చిన్న ఫంక్షను, ప్రతిసారీ ఒకే ఒక్క ట్రూ లేదా ఫాల్స్ రావాలన్న షరతు. ఆ జవాబుల వరసను ఒంటి బ్రాకెట్లో పెడితే ట్రూ వచ్చిన రోగులు పూర్తి వివరాలతో, లిస్టుగానే బయటికొస్తారు. ఎంత ముచ్చటైన లైను!

దీని వెనక మహానుభావులున్నారు. 1976లో బెల్ ల్యాబ్స్‌లో జాన్ చాంబర్స్ బృందం ఎస్ భాష మొదలుపెట్టింది. ఆక్లండ్‌లో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ ఎస్ రూపానికి స్కీమ్ అన్న మరో భాష ఒడుపు జోడించి ఆర్‌ని తెచ్చారు. తాను పుట్టిన చోటి విలువల్ని ఫంక్షను వెంటబెట్టుకుపోవడం స్కీమ్ చలవే. 140 అన్న హద్దు మార్చి ఎన్ని జల్లెళ్లయినా చేసుకోవచ్చు! తర్వాత హాడ్లీ విక్‌హమ్ పర్ ప్యాకేజీలో ఇదే పనిని 'కీప్' అన్న ఒక్క మాటలోకి దించాడు. భేష్! అయినా నా ఓటు వీఅప్లైకే.

వీఅప్లై అంటే ఎందుకంత నమ్మకమో చెప్తాను. ముగ్గురు రోగులనుకోండి. మొదటివాడికి షుగర్ నమోదే కాలేదు, రెండోవాడికి 90, మూడోవాడికి 210. ఏ షరతూ పెట్టని ఎల్‌అప్లైతో జవాబుల లిస్టు తీసి, దాన్ని అన్‌లిస్ట్‌తో చదును చేసి ఏరితే ఏమవుతుంది? లేని షుగర్‌కి జవాబూ ఉండదు. మూడు జవాబుల చోట ఫాల్స్, ట్రూ అని రెండే మిగులుతాయి. ఆ ట్రూ వెళ్లి రెండోవాడి మీద పడుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాణ్ణి పట్టుకుని, జబ్బుమనిషిని వదిలేస్తుంది. ఎర్రర్ రాదు, హెచ్చరికా రాదు! వీఅప్లై అయితే మొదటి రోగి దగ్గరే ఆగి, జవాబు పొడవు సున్నా అని తేల్చి చెబుతుంది. ఆ ఆగడమే దాని గొప్పతనం.

పేరుతో వివరాన్ని తీసే డాలర్ గుర్తుదీ ఇలాంటి మోసమే. 'షుగర్' అన్న పేరు లేకపోయినా 'షుగర్‌ఫాస్టింగ్' ఒక్కటి ఉంటే, మొదటి అక్షరాలు కలిశాయని దాన్నే తెచ్చిస్తుంది. జంట బ్రాకెట్లలో కోట్స్ మధ్య పేరు రాస్తే పూర్తిగా కలిసిందే ఇస్తుంది. నిపుణుల చెయ్యి అటే పోతుంది.

ఇప్పుడు జరుగుతున్నదేమిటి? ఎక్కడో దొరికిన ముక్కను అతికించడం, నడిచిందా లేదా చూడటం, అంతే! ఖాళీ లిస్టు పెట్టుకుని లూపులో ఒక్కొక్కటే తగిలిస్తారు. అలా తగిలిస్తూ పోతే లిస్టు మొత్తం పదేపదే కాపీ కావచ్చన్న ధ్యాసే లేదు. వీఅప్లై లాంటిదే అయినా షరతు లేని ఎస్‌అప్లై ఒకసారి వెక్టరు, ఒకసారి లిస్టు ఇస్తుంటే అడిగే నాథుడు లేడు. ఈ నాసిరకం కోడు మీద ఆధారపడి మనుషుల వైద్యం గురించి నిర్ణయాలు జరిగితే ఆ పాపం ఎవరిది?

పాఠం చెప్పేవారికి నా మనవి ఒక్కటే. మొదటి రోజే పిల్లల చేతిలో ఒక వివరం లోపించిన లిస్టు పెట్టండి. ఏరమనండి. తప్పు మనిషి ఎలా బయటికొచ్చాడో వాళ్లనే వెతకనివ్వండి. ఆ తర్వాతే వీఅప్లై నేర్పండి. ఈ విద్య నిలవాలంటే అదే దారి.