పిట్ట మసకగా కనిపించాలి

ద్రోణుడు అడిగితే అర్జునుడు పిట్ట కన్ను తప్ప ఇంకేమీ కనిపించడం లేదన్నాడు. ఎయిర్ పిస్టల్ కోచ్ దగ్గర అదే మాట అంటే, ‘అయితే పిస్టల్ కింద పెట్టు’ అంటాడు. ఐరన్ సైట్స్‌తో కాల్చేవాడికి పిట్ట మసకగానే ఉండాలి. తేటగా కనిపించాల్సింది పిస్టల్ కొసన నిలబడ్డ చిన్న పలక, ఫ్రంట్ సైట్.

ఐరన్ సైట్స్ అంటే వెనక గాడి ఉన్న రియర్ సైట్, ముందు ఈ పలక. వాటి అవతల టార్గెట్. మూడూ మూడు దూరాల్లో ఉంటాయి, కన్ను ఒకసారికి ఒక్కదాన్నే తేటగా చూస్తుంది. అందులో పలకనే ఎందుకు చూడాలో కాగితం మీద లెక్కేసుకుంటే గాని నాకు నమ్మకం కుదరలేదు. రెండు సైట్ల మధ్య 30 సెంటీమీటర్లు అనుకుందాం. పలక గాడి మధ్య నుంచి అర మిల్లీమీటరు పక్కకు జరిగితే, 10 మీటర్ల అవతల పెల్లెట్ దాదాపు 17 మిల్లీమీటర్లు తప్పుతుంది. అక్కడ పది పాయింట్ల వలయం వ్యాసమే 11.5 మిల్లీమీటర్లు. రెండు పాయింట్లు పోయినట్టే. అదే, సైట్లు వరస తప్పకుండా చెయ్యి మొత్తంగా రెండు మిల్లీమీటర్లు పక్కకు ఊగితే, టార్గెట్ మీద తప్పేదీ ఆ రెండే. అందుకే చెయ్యి ఊగినా కోచ్ ఊరుకుంటాడు, మణికట్టు వంగితే మాత్రం ఊరుకోడు.

రెడ్ డాట్ సైట్ ఈ తంటానంతా తీసేస్తుంది. చిన్న ఎల్ఈడీ వెలుగు, పూత పూసిన వంపు గాజు మీద పడి కంటివైపు తిరిగొస్తుంది. చుక్క టార్గెట్ మీదే తేలుతున్నట్టుంటుంది. ఇక అర్జునుడిలా పిట్టనే చూడొచ్చు. ఆలోచన పాతదే. ఐర్లండ్‌లో టెలిస్కోపులు చేసే హోవర్డ్ గ్రబ్ 1900లోనే పేటెంట్ తీసుకున్నాడు. స్వీడన్‌కు చెందిన ఎయిమ్‌పాయింట్ కంపెనీ 1970ల్లో బ్యాటరీ సైట్ తెచ్చింది. అది పిస్టల్ స్లైడ్ మీద ఇమిడేంత చిన్నదై, ప్రతి తూటాకూ తగిలే కుదుపును తట్టుకోవడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. 2015లో పిస్టళ్ల కంపెనీ గ్లాక్ ఈ సైట్ బిగించుకునే వీలున్న పిస్టళ్లను మార్కెట్లోకి దింపింది. ఇప్పుడు అమెరికాలో చాలా పోలీసు శాఖలు అటే మళ్లుతున్నాయి. ఎదుటివాడి చేతిలో ఉన్నది కత్తో ఫోనో తేల్చుకోవాల్సిన మనిషి చూపు ఎదుటివాడి మీదే ఉండాలి కాబట్టి, అక్కడ నా ఓటు చుక్కకే.

చత్వారం వచ్చినవాళ్లకూ చుక్క హాయి. ఆస్టిగ్మాటిజం ఉంటే మాత్రం అది గుండ్రంగా కాక పగిలిన దానిమ్మలా చెదిరి కనిపిస్తుంది. పైగా చేతి వణుకునంతా బయటపెడుతుంది. కొత్తవాళ్లు ఆ చుక్క ఆగేదాకా ఎదురుచూస్తారు. అది ఆగదు. చివరికి ఓపిక నశించి ట్రిగ్గర్ గుంజేస్తారు.

ఆదివారాలు నేను వెళ్లే హైదరాబాద్ రేంజ్‌లో పిల్లలు అడుగుతుంటారు, ‘అంకుల్, చుక్క పెట్టుకుంటే అయిపోతుంది కదా?’ అని. ఒలింపిక్ పిస్టల్ పోటీల్లో కుదరదు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నిబంధనల ప్రకారం గాడీ పలకా ఉన్న ఓపెన్ సైట్స్ మాత్రమే వాడాలి. కటకం, లేజర్, వెలిగే చుక్క ఏదీ పిస్టల్ మీద ఉండకూడదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో జేబులో చెయ్యి పెట్టుకుని, మామూలు కళ్లద్దాలతో ఎయిర్ పిస్టల్ మిక్స్‌డ్ పోటీలో వెండి పతకం కొట్టిన టర్కీ షూటర్ యూసుఫ్ డికెచ్‌ను లోకమంతా మెచ్చుకుంది. కానీ అదే పోటీలో కంచు గెలిచిన మన మను భాకర్, సరబ్‌జోత్ పిస్టళ్ల మీదా ఉన్నది ఆ గాడీ పలకే. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో వెండి తెచ్చిందీ వాటితోనే.

ఆ నిబంధన మార్చకూడదనే నేనంటాను. అక్కడ ఎవరి ప్రాణమూ చుక్క మీద ఆధారపడి లేదు. గాడిలో పలకను నిలబెట్టడమే అసలు పోటీ. దాన్ని తీసేస్తే మిగిలేది ట్రిగ్గర్ నొక్కడం ఒక్కటే.

నలభై దాటి, పలక మసకబారిందని పిస్టల్ వదిలేద్దామనుకునేవాళ్లకు ఒక మాట. చెయ్యి చాచినప్పుడు కంటి నుంచి ఫ్రంట్ సైట్ ఎంత దూరంలో ఉందో టేపుతో కొలిపించుకోండి. ఆ అంకె కళ్ల డాక్టరుకు చెప్పి, దానికి తగిన అద్దాలు రాయించుకోండి. పిస్టల్ మాత్రం క్లినిక్‌కు పట్టుకెళ్లకండి.