ఫ్రెంచి మర్యాద, హిబ్రూ నిక్కచ్చి

ఫ్రెంచి ఆడవాళ్ల భాష అనీ, హిబ్రూ గడ్డాల పెద్దమనుషుల భాష అనీ మనలో కూడా చాలామందికి ఒక అభిప్రాయం ఉంది. ఫ్రెంచి అనగానే సెంటు సీసాలూ, సిల్కు గౌన్లూ, ముక్కుతో పలికే ముద్దుమాటలూ గుర్తొస్తాయి. హిబ్రూ అంటే బైబిలు పాత నిబంధన, ప్రవక్తలు, వాళ్ల కోపాలు. ఫ్రెంచి నేను కొన్నేళ్లు చదువుకున్నాను. హిబ్రూ మాత్రం పక్కన నిఘంటువు పెట్టుకుని కూడబలుక్కుంటాను. ఆ కాస్త పరిచయంతోనే చెబుతున్నాను, ఈ అభిప్రాయం తలకిందులుగా ఉందని.

ఒక భాష ఆడదాన్ని ఎలా చూస్తుందో తెలియాలంటే, ఆ భాషలో ఆడది "నేను" అన్నప్పుడు ఏమవుతుందో చూడాలి. "నిన్ను ప్రేమిస్తున్నాను" అన్న మాటనే తీసుకోండి. ఫ్రెంచిలో "జ తెమ్". అన్నది ఆడో మగో, విన్నది ఎవరో ఆ మాటలో ఉండదు. మన తెలుగూ అంతే. హిబ్రూలో ఆ ఆటలు సాగవు. మగవాడు ఆడదానితో "అనీ ఒహేవ్ ఒతాఖ్" అంటాడు. ఆడది మగవాడితో "అనీ ఒహెవెత్ ఒత్ఖా" అంటుంది. "అనీ" అంటే నేను, అదొక్కటే మారలేదు. క్రియ మాట్లాడినవాళ్లని పట్టిస్తుంది, సర్వనామం విన్నవాళ్లని పట్టిస్తుంది. జరిగినదాన్నీ జరగబోయేదాన్నీ చెప్పేటప్పుడు "నేను"కి ఈ నిర్బంధం లేదు. వర్తమానంలో మాత్రం వండుతున్నానన్నా, రాస్తున్నానన్నా ఆడది తన సంతకం పెట్టి తీరాలి.

ఇక మర్యాద సంగతి. ఫ్రెంచిలో మనలాగే రెండు పిలుపులు: "త్యు" అంటే నువ్వు, "వు" అంటే మీరు. హిబ్రూలో ఎదుటివాళ్లని పిలవడానికి మగవాడైతే "అతా", ఆడదైతే "అత్". అంతే. మంత్రిగారైనా, మావగారైనా, పాలవాడైనా ఒకటే "అతా". మన ఇళ్లలో ఆయన "నువ్వు" అంటాడు, ఆవిడ "మీరు" అంటుంది. ఆ తేడా పెళ్లినాటి నుంచి వెండిగిన్నెలాగా భద్రంగా ఉంటుంది. హిబ్రూలో ఆ గిన్నే లేదు. ఆడా మగా తేడా చూపిస్తుంది గానీ ఎక్కువా తక్కువా తేడా చూపించదు. ఈ రెండూ ఒకటి కావని నాకు ఆ భాష చదివాకే బోధపడింది.

ఫ్రెంచిలో ఆడతనం ఎక్కడుందంటారా? చాలాచోట్ల మాట చివర ఒక "ఇ" అక్షరంలో ఉంది. ఆ అక్షరానికి వ్యాకరణం పెట్టిన పేరు "మూగ ఇ"! "వెళ్లాను" అని మగవాడు రాస్తే ఒక రకం, ఆడది రాస్తే చివర ఒక "ఇ" ఎక్కువ. పలికితే ఇద్దరిదీ "అలే". కొన్ని మాటల్లో ఈ మూగ అక్షరం తను నోరు విప్పకుండా పక్కవాడి చేత పలికిస్తుంది. చిన్నవాడు "పెతి" అయితే చిన్నది "పెతిత్". అంటే అంతవరకూ నిద్రపోతున్న "త్" ఆవిడ రాగానే లేచి కూచుంటుందన్నమాట. తలుపు చాటున నిలబడి మగవాళ్ల చేత మాట్లాడించిన పాతకాలపు ఇల్లాళ్లు గుర్తొచ్చారు నాకు.

హిబ్రూ రాతలో మామూలుగా అచ్చుల గుర్తులు పెట్టరు, హల్లులే రాస్తారు. మనం క, మ, ల అని మూడక్షరాలు రాసి వదిలేస్తే అది కమలో, కోమలో, కుమిలో, కమిలో సందర్భాన్ని బట్టి చదువుకోవాలి కదా, అలాగ. అందుకని ఇందాకటి "ఒతాఖ్", "ఒత్ఖా" రెండూ కాగితం మీద ఒక్కలాగే ఉంటాయి. ప్రేమలేఖ అబ్బాయికో అమ్మాయికో ఆ ముక్క చూసి చెప్పలేం, పైకి చదివితేనే తెలుస్తుంది. "వెళ్లాను" లాంటి ఫ్రెంచి మాటల్లో ఆడది కాగితం మీద కనిపించి నోట్లో మాయమవుతుంది. హిబ్రూలో ఇలాంటిచోట్ల కాగితం మీద మాయమై నోట్లో వినిపిస్తుంది. కనిపించడం మేలా, వినిపించడం మేలా అని అడిగితే నా ఓటు వినిపించడానికే.

1986లో అన్ గరెటా అనే ఫ్రెంచి రచయిత్రి "స్ఫింక్స్" అని ఒక నవల రాసింది. కథ చెప్పే మనిషికీ, ఆ మనిషి ప్రేమించిన నర్తకికీ చివరిదాకా లింగం తెలియనివ్వదు. లింగం బయటపెట్టే క్రియారూపాలని ఒడుపుగా తప్పించుకుంది. పైగా ఫ్రెంచిలో "అతని చెయ్యి", "ఆమె చెయ్యి" ఒకే మాట. ఆ వెసులుబాటుని బాగా వాడుకుంది. ఆ నేర్పుకి చెప్పొద్దూ, ముక్కున వేలేసుకున్నాను. కానీ పుస్తకం మూశాక నాకు ఎక్కువగా గుర్తున్నది ప్రేమించిన మనిషి పడ్డ బాధ కాదు, వ్యాకరణం కళ్లు కప్పిన తీరు. హిబ్రూలో ఇలాంటి నవల రాయాలంటే ప్రాణం మీదికొస్తుంది. హిబ్రూ కవయిత్రి యోనా వాలఖ్ దాని మీదే "హిబ్రూ" అన్న పేరుతో కవిత రాసింది. మాట్లాడేది ఆడా మగా అని తేలేదాకా ఈ భాషకి నిద్రపట్టదని ఎగతాళీ చేసింది, ముచ్చటా పడింది.

నాకు వీళ్లిద్దరికంటే రాహేల్ ఇష్టం. 1890లో రష్యాలో పుట్టి, 1909లో పాలస్తీనా చేరింది. అక్కడ రెహోవోత్ అనే ఊళ్లో చిన్నపిల్లల బడిలో కూచుని, పిల్లల మాటలు వింటూ హిబ్రూ నేర్చుకుంది. తర్వాత వ్యవసాయశాస్త్రం చదవడానికి ఫ్రాన్సులోని తులూజ్ వెళ్లింది. అంత నాజూకు భాష మధ్య ఉండి వచ్చి కూడా కవిత్వానికి ఆ పిల్లల బడి భాషనే ఉంచుకుంది. క్షయతో 1931లో పోయింది. బిడ్డలు లేరు. ఒక కొడుకుంటే బాగుండునని రాసిన కవితకి "అకరా" అని పేరు పెట్టింది. గొడ్రాలు అని అర్థం. స్త్రీలింగం, పైకి వినిపించే స్త్రీలింగం. పక్కింటివాళ్లు చాటుగా అనే మాటని తనే కవిత నెత్తిన పెట్టుకుంది. ఏ మూగ అక్షరం చాటునా దాక్కోలేదు.

అలాగని హిబ్రూని ఆకాశానికెత్తుతున్నానని అనుకోకండి. అందులో భర్తని "బాల్" అంటారు. యజమాని, సొంతదారు అని అర్థం. నూరుగురు ఆడవాళ్లలో ఒక్క మగవాడు చేరితే మొత్తం గుంపు పుంలింగమే. ఈ అన్యాయం ఫ్రెంచిలోనూ ఉంది. భాషని కాపాడడానికి ఫ్రాన్సులో 1635లో అకాడమీ పెట్టారు. సభ్యులు నలభైమంది. వాళ్లని "అమరులు" అంటారు. అందులోకి మొదటి స్త్రీగా మార్గరీత్ యూర్స్‌నార్ ఎన్నికైంది 1980లో, అంటే 345 ఏళ్లకి. ఉద్యోగాల పేర్లకి స్త్రీలింగ రూపాలు వాడొచ్చని ఆ అకాడమీ ఒప్పుకునేసరికి 2019 వచ్చింది.

హిబ్రూ కథ ఇంకోరకం. వందల ఏళ్లు ప్రార్థనల్లోనూ పుస్తకాల్లోనూ ఉందే తప్ప వంటింట్లో లేదు. దాన్ని ఇంట్లోకి తెచ్చిన ఎలియేజర్ బెన్ యెహూదాకి ఆ పట్టుదల కుదిరింది పారిస్‌లో చదువుకుంటున్నప్పుడే. 1881లో భార్య దెవోరాతో జెరూసలేం చేరాడు. మరుసటేడు కొడుకు పుట్టాడు. వాడి చెవిన హిబ్రూ తప్ప మరో మాట పడకూడదని ఆయన శాసనం. ఆవిడకా, హిబ్రూ సరిగ్గా రాదు. ఒకరోజు బిడ్డని ఊరుకోబెడుతూ రష్యన్ పాట పాడుకుంటుంటే ఆయన మండిపడ్డాడని ఆ ఇంటి కథ. మాతృభాషని హిబ్రూలో కూడా "తల్లి భాష" అనే అంటారు. ఆ తల్లి మాత్రం దాన్ని మొగుడి దగ్గర నేర్చుకుని బిడ్డకి చెప్పింది. తన జోలపాట తను పాడుకోలేకపోయింది. 1891లో క్షయతో కన్నుమూసింది.

తర్వాత ఆయన చేసుకున్న హెమ్దా, దెవోరా చెల్లెలే. హిబ్రూ నేర్చుకుని ఆయన పత్రికల్లో రాసింది, నిఘంటువు పనిని భుజాన వేసుకుంది. 1922లో ఆయన పోయాక కూడా ఆ కాగితాలు వదల్లేదు. 1951లో ఆవిడా పోయింది. నిఘంటువు పదిహేడు సంపుటాలుగా 1959లో పూర్తయింది. దాన్ని ఇప్పటికీ బెన్ యెహూదా నిఘంటువు అనే అంటారు.