సర్వర్ల లోకంలో సంత సిద్ధాంతం: ఒక విమర్శ

1997వ సంవత్సరం మే నెలలో జర్మనీలోని వుర్ట్స్‌బుర్గ్ పట్టణంలో లినక్స్ పనివారి సభ ఒకటి జరిగినది. ఆ సభలో ఎరిక్ రేమండ్ అనే అమెరికా దేశస్థుడు ‘ది కెథెడ్రల్ అండ్ ది బజార్’ అనే వ్యాసం చదివాడు. 1999లో అది మరికొన్ని వ్యాసాలతో కలిసి పుస్తకరూపం దాల్చినది. ఓపెన్ సోర్స్ పద్ధతి వ్యాపారానికి పనికివస్తుందని వ్యాపారసంస్థలకు నచ్చజెప్పిన రచనలలో దీనికి ప్రముఖ స్థానం ఉన్నది. 1998 జనవరిలో నెట్‌స్కేప్ కంపెనీ తన బ్రౌజరు మూలపాఠాన్ని బహిరంగపరచాలని నిర్ణయించినప్పుడు ఈ వ్యాసం ప్రభావాన్ని అంగీకరించినది. పాతికేళ్ళకు పైగా గడిచిన తరువాత, ఆ వాదం సర్వర్ల అనుభవానికి ఎంతవరకు నిలిచినదో పరిశీలించడం అవసరం.

ముందుగా కొన్ని మాటల అర్థం తెలియాలి. కంప్యూటరులోని ప్రాసెసరును, మెమరీని, డిస్కులను పలు ప్రోగ్రాములకు పంచిపెట్టి, ఒకదాని పనికి మరొకటి అడ్డురాకుండా చూసే ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. ఇతర కంప్యూటర్లు అడిగిన సమాచారాన్ని అందించే కంప్యూటరు సర్వర్. అటువంటి సర్వర్లను వేల సంఖ్యలో నెలకొల్పి, కావలసినవారికి కావలసినంతసేపు అద్దెకిచ్చే ఏర్పాటు క్లౌడ్. ప్రోగ్రామర్లు రాసే మూలపాఠమే సోర్స్ కోడ్. దానిని ఎవరైనా చదవవచ్చును, మార్చవచ్చును, తిరిగి పంచవచ్చును అనే షరతులతో వెలువడేది ఓపెన్ సోర్స్. హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్స్ ఈ కోవకు చెందినది.

రేమండ్ రెండు పద్ధతులను ఎదురెదురుగా నిలిపాడు. మొదటిది పెద్ద దేవాలయ నిర్మాణం వంటిది. కొద్దిమంది నిపుణులు లోపల పనిచేసి, పూర్తి అయిన తరువాతనే బయటపెడతారు. రెండవది సంత వంటిది. ఎవరైనా రావచ్చును, ఏదైనా తేవచ్చును. అసంపూర్ణమైన పని కూడా వెంటవెంటనే అందరి ముందుకు వస్తుంది. దేవాలయ పద్ధతి అంటే మూలపాఠాన్ని దాచుకొనే కంపెనీల పద్ధతి అని చాలామంది అనుకొన్నారు. అది సరికాదు. రేమండ్ దానికి చూపిన ఉదాహరణలలో మూలపాఠం అందరికీ లభించే ఈమాక్స్ కూడా ఉన్నది. చూసేవారు ఎక్కువైన కొద్దీ లోపాలు సులభంగా బయటపడతాయన్నది ఆయన ముఖ్య సిద్ధాంతం. ఫెచ్‌మెయిల్ అనే ఉత్తరాల ప్రోగ్రామును తానే సంత పద్ధతిలో నడిపి, దానిని నిదర్శనంగా చూపాడు.

అదే పుస్తకంలోని ‘ది మ్యాజిక్ కాల్‌డ్రన్’ అనే వ్యాసంలో వ్యాపార దృష్టి కనిపిస్తుంది. ప్రపంచంలో రాసే ప్రోగ్రాములలో ఎక్కువ భాగం అమ్మకానికి కాక, ఆయా సంస్థల సొంత అవసరాలకే రాయబడుతున్నవని రేమండ్ గుర్తుచేశాడు. అమ్మదలచని వస్తువును దాచుకోవడంలో లాభం లేదు. ఒకే అవసరం గల పలువురు ఖర్చు పంచుకొంటే అందరికీ లాభం. ఊరుమ్మడి పచ్చికబీడు మేతకు తరిగిపోతుంది గాని, ఓపెన్ సోర్స్ అనే బీడు వాడుకొన్నకొద్దీ వృద్ధి పొందుతుందని కూడా ఆయన వాదించాడు.

ఈ జోస్యంలో చాలా భాగం ఫలించినది. 2006 ఆగస్టులో అమెజాన్ గంటకు 10 సెంట్ల చొప్పున సర్వర్లను అద్దెకివ్వడం ప్రారంభించినది. మొదట అద్దెకు దొరికినవి లినక్స్ యంత్రాలే. విండోస్ 2008లో వచ్చి చేరినది. దీనికి కారణం సులభంగానే తెలుస్తుంది. ఒక్కొక్క ప్రతికి లైసెన్సు రుసుము కట్టవలసిన చోట, ఉదయం పది యంత్రాలు, మధ్యాహ్నం వెయ్యి, రాత్రికి మళ్ళీ పది అనే లెక్క కుదరదు. లినక్స్‌కు ఆ చిక్కు లేదు. అనవసరమైన భాగాలను తీసివేయవచ్చును, కావలసినవి చేర్చవచ్చును. 2017 నవంబరు నుండి, ప్రపంచంలోని 500 అతివేగ కంప్యూటర్ల జాబితాలో ఉన్నవన్నీ లినక్స్ మీదనే నడుస్తున్నవి. 2001లో లినక్స్‌ను క్యాన్సరుతో పోల్చిన అధిపతి మైక్రోసాఫ్ట్‌కు ఉండెడివాడు. అదే కంపెనీ 2014లో, హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల ఆధ్వర్యంలో, లినక్స్‌పై తన మక్కువను ప్రకటించినది.

ఐతే సిద్ధాంతంలో ఒక పగులు ఉన్నది. చూడగలిగినవారు ఎక్కువైనంత మాత్రాన చూసేవారు ఎక్కువ కారు.

2014 ఏప్రిల్‌లో బయటపడిన ‘హార్ట్‌బ్లీడ్’ లోపమే దీనికి సాక్ష్యం. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఆపరేటింగ్ సిస్టమ్ కాదు గాని, లినక్స్ సర్వర్లతో పాటు విస్తారంగా వాడబడుతున్నది. సమాచారాన్ని రహస్యలిపిలోకి మార్చడం దాని పని. సర్వరుతో సంబంధం తెగిపోలేదని రూఢి చేసుకొనడానికి అవతలి కంప్యూటరు ఒక చిన్న మాటను, దాని పొడవును పంపి, ఆ మాటను తిరిగి పంపమంటుంది. పంపినది ఒక్క అక్షరమై, చెప్పిన పొడవు సుమారు 64 వేలైతే? సర్వరు సరిచూసి తోసిపుచ్చాలి. సరిచూసే వాక్యం ఆ ప్రోగ్రాములో లేదు. అందుచేత సర్వరు ఆ ఒక్క అక్షరంతో పాటు తన మెమరీలో దాని పక్కన ఉన్నదంతా పంపివేసేది. సంకేతపదాలు, రహస్య తాళాలు అందులో ఉండవచ్చును. 2012 మార్చిలో వెలువడిన కూర్పు నుండి రెండు సంవత్సరాలు ఈ మూలపాఠం అందరి ఎదుట ఉన్నది. దాని మీద ఆధారపడిన పెద్ద పెద్ద కంపెనీలు ఎన్నో ఉండగా, దానిని కనిపెట్టుకొని ఉన్నవారు బహు కొద్దిమంది. లోపం బయటపడిన నెలలోనే, ఇటువంటి మూలాధార ప్రోగ్రాములకు ధనసహాయం చేసే నిధిని లినక్స్ ఫౌండేషన్ ఏర్పాటు చేసినది.

రెండవ పరీక్ష సెంట్‌ఓఎస్ ఉదంతం. రెడ్ హ్యాట్ కంపెనీ తన లినక్స్‌కు మద్దతును చందా పద్ధతిపై అమ్ముతుంది. ఆ కంపెనీ ప్రకటించే మూలపాఠాన్నే, దాని గుర్తులు తొలగించి, తిరిగి కూర్చి ఉచితంగా ఇచ్చినది సెంట్‌ఓఎస్. ఖర్చు భరించలేని సంస్థలు దానిని ఆశ్రయించినవి. 2014లో ఈ పని రెడ్ హ్యాట్ నీడలోకి చేరినది. 2029 వరకు సవరణలు అందుతాయని అనుకొన్న 8వ కూర్పుకు 2021 డిసెంబరు 31తో ముగింపు అని 2020 డిసెంబరు 8న ప్రకటన వెలువడినది. డబ్బు కట్టని వాడుకరికి అడిగే హక్కు ఏమున్నది? కాని మూలపాఠం బహిరంగమైనందున, 2021లోనే ఆల్మాలినక్స్, రాకీ లినక్స్ అనే ప్రత్యామ్నాయాలు పుట్టినవి. 2023లో రెడ్ హ్యాట్ తన కూర్పుల మూలపాఠాన్ని ఖాతాదారులకు పరిమితం చేసి ఆ దారిని కూడా ఇరుకు చేసినది.

మూడవది 2024 మార్చి నాటిది. ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్ళను కుదించే చిన్న సాధనం. దానిని ప్రధానంగా ఒక్క స్వచ్ఛంద కార్యకర్త చూసుకొనేవాడు. సహాయం చేస్తానని వచ్చిన మారుపేరు వ్యక్తి ఒకడు రెండేళ్ళకు పైగా నమ్మకంగా పనిచేసి, అధికారం సంపాదించి, సర్వర్లలో దొడ్డిదారిన చొరబడే వీలును అందులో దాచాడు. సర్వరులోకి ప్రవేశించడానికి సుమారు అర సెకను ఎక్కువ పట్టడం గమనించిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు కారణం వెదికి, మోసాన్ని బయటపెట్టాడు. అప్పటికి ఆ కూర్పు ముఖ్యంగా ప్రయోగదశలో ఉన్న లినక్స్ కూర్పులకు మాత్రమే చేరినది. వెదకడానికి మూలపాఠం అందుబాటులో ఉండడం రేమండ్ వాదానికి బలం. ఆ ఒక్కడి శ్రద్ధ మీదనే రక్షణ ఆధారపడడం దాని బలహీనత.

మూలపాఠం దాచినంత మాత్రాన క్షేమం అనడానికీ వీలు లేదు. 2017 మే నెలలో వన్నాక్రై దాడికి గురైనవి విండోస్ యంత్రాలు. సవరణ మార్చి నెలలోనే వెలువడినా, దానిని చేర్చుకోని యంత్రాలు చాలా దెబ్బతిన్నవి. పద్ధతి ఏదైనా, సంరక్షణ లేనిదే భద్రత లేదు.

రేమండ్ సంతను నిర్మించే ఉత్సాహాన్ని చక్కగా వర్ణించాడు. సంత ముగిసిన తరువాత చీపురు పట్టేవారిని గురించి తగినంత చెప్పలేదు. ఊరంతా నీరు వాడుకొనే చెరువుకు పూడిక తీసేవారు కావాలి. ఓపెన్ సోర్స్‌లో నీరు తరగదన్న మాట నిజమే. పూడిక మాత్రం చేరుతుంది.

కనుక వ్యాపారసంస్థ గాని, విద్యాలయం గాని ఓపెన్ సోర్స్ సర్వర్లను స్వీకరించేటప్పుడు వెల ఒక్కటే చూడరాదు. ఈ కూర్పును ఎవరు, ఎంతకాలం సంరక్షిస్తారు? సవరణ వెలువడినప్పుడు సంస్థలో దానిని చేర్చే బాధ్యత ఎవరిది? సంరక్షకులు తప్పుకొంటే వేరొక కూర్పుకు మారే ఏర్పాటు ఉన్నదా? లైసెన్సులపై మిగిలిన సొమ్ములో కొంతైనా ఆ ప్రోగ్రామును కాపాడేవారికి చేరుతున్నదా? ఈ ప్రశ్నలకు సమాధానం ఉన్నచోట ఓపెన్ సోర్స్‌ను మించిన ఎంపిక అరుదు. కంప్యూటరు పాఠం చెప్పే ఉపాధ్యాయులు లినక్స్ ఉచితమని చెప్పడంతో ఆగక, ఈ నాలుగు ప్రశ్నలను కూడా విద్యార్థుల ముందుంచడం మంచిది. నేటి విద్యార్థులలో కొందరు రేపు ఆ సర్వర్లకు కాపలాదారులు కావలసినవారే.