నీరు దిగితే బ్రూమ్, నీట దిగితే ఎక్స్‌మౌత్

పశ్చిమ ఆస్ట్రేలియాలో పెర్త్ నుంచి తీరం వెంట ఉత్తరంగా సుమారు 1,250 కిలోమీటర్లు పోతే ఎక్స్‌మౌత్ వస్తుంది. అక్కణ్ణుంచి ఇంకో పదమూడు వందల కిలోమీటర్ల పైచిలుకు పోతే బ్రూమ్. పర్యాటక ప్రకటనల్లో రెండిటికీ తేడా కనిపించదు: అదే తెల్లటి ఇసుక, అదే నీలి సముద్రం, అదే సూర్యాస్తమయం. కానీ ఈ ఊళ్లు పుట్టిన తీరు వేరు, వచ్చినవాళ్లకు చూపించేది వేరు, పక్కకు నెట్టేదీ వేరు.

బ్రూమ్ పేరెత్తగానే కేబుల్ బీచ్ మీద ఒంటెల బారు చూపిస్తారు. ఇరవై రెండు కిలోమీటర్ల ఆ ఇసుక తీరానికి 1889లో జావా దాకా సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ తీగ వల్ల ఆ పేరొచ్చింది. ఒంటె ఎక్కండి, ఫొటో బాగా వస్తుంది. కాకపోతే ఊరి సంగతి అదేమీ చెప్పదు. అది తెలియాలంటే జపనీయుల శ్మశానానికి వెళ్లాలి.

తొమ్మిది వందల మందికి పైగా అక్కడ ఉన్నారు. తీరంలో దొరికే రంగురంగుల గరుకు రాళ్లనే నిలబెట్టి, వాటి మీద పైనుంచి కిందికి జపాన్ లిపిలో పేర్లు చెక్కారు. ముత్యపు చిప్పల కోసం బరువైన ఇత్తడి శిరస్త్రాణం పెట్టుకుని సముద్రంలో దిగినవాళ్లు వీళ్లు. తుపానులకు కొందరు పోతే, లోతు నుంచి తొందరగా పైకి వచ్చినప్పుడు రక్తంలో గాలి బుడగలు కట్టి మరికొందరు పోయారు. 1914లో ఆ జబ్బే 33 మందిని తీసుకుపోయింది. ముత్యాలంటే హైదరాబాద్ నగల దుకాణాలు గుర్తొచ్చే మనకు ఒక సంగతి వింతగా ఉంటుంది: బ్రూమ్‌ను బతికించింది ముత్యం కన్నా ఎక్కువగా చిప్పే. యూరప్, అమెరికా చొక్కాల గుండీలకు అది పోయేది. తెల్లవాళ్లకే చోటన్న చట్టం 1901లో వచ్చినా, ఈ పరిశ్రమ కోసం ఆసియా కూలీలకు మినహాయింపు ఇచ్చారు. వాళ్లకంటే ముందు మునిగింది ఆదివాసులు. గర్భిణులను కూడా బలవంతాన దింపారు. చేతిలో చిప్పతో నీళ్లలోంచి పైకి వస్తున్న గర్భిణి విగ్రహం రోబక్ బే ఒడ్డున ఉంది. ఒంటెల దగ్గర ఉండే గుంపు ఇక్కడ ఉండదు.

సన్ పిక్చర్స్‌కూ ఇలాగే రెండు ముఖాలున్నాయి. 1916 నుంచి ఆడుతున్న ఆరుబయటి సినిమా హాలది. గుడ్డ కుర్చీలో వెనక్కి వాలి చూస్తుంటే తెర మీదుగా విమానం తక్కువ ఎత్తులో పోతుంది. ఒకప్పుడు పోటు వస్తే ప్రేక్షకుల కాళ్ల కిందికి నీళ్లొచ్చేవి. మధ్యలో మంచి కుర్చీలు తెల్లవారివి, మిగతావాళ్లు జాతిని బట్టి వేరే చోట్ల కూర్చోవలసి వచ్చేది. ఇంత హాయైన చోటుకు అంత చేదు గతం ఉంది. రెండూ కలిపి చూస్తేనే బ్రూమ్ అర్థమవుతుంది.

ఎక్స్‌మౌత్‌కు ఇంత గతం లేదు. ఆ చుట్టుపక్కల నేల ఆదివాసులకు వేల ఏళ్లుగా తెలుసు గానీ, ఊరు మాత్రం 1967లో అమెరికా నౌకాదళ సమాచార కేంద్రం కోసం కట్టినది. నీటి అడుగున తిరిగే జలాంతర్గాములకు సందేశాలు పంపే 13 స్తంభాలు ఇప్పటికీ ఉన్నాయి. మధ్యది 387 మీటర్ల ఎత్తు. ఆ కేంద్రానికి హెరాల్డ్ హోల్ట్ పేరు పెట్టారు. 1967 డిసెంబరులో ఈతకు వెళ్లి సముద్రంలో మాయమైన ఆస్ట్రేలియా ప్రధాని ఆయన. సముద్రంతో మాట్లాడే కేంద్రానికి ఆ పేరు పెట్టాలని ఎవరికి తోచిందో గాని! ప్రకటనల్లో ఈ స్తంభాలు అరుదుగా కనిపిస్తాయి.

ఎక్స్‌మౌత్ తన అసలు సరుకును మాత్రం నిజాయితీగా అమ్ముతుంది. నింగలూ పగడపు దిబ్బ ఒడ్డుకు ఎంత దగ్గరంటే, టర్కోయిస్ బేలో నాలుగు అడుగులు ఈదితే పగడాలు కింద ఉంటాయి. మార్చి నుంచి జూలై దాకా వేల్ షార్కులు వస్తాయి. పైన చిన్న విమానం వెతికి చెబుతుంది, పడవ ముందుకు పోయి ఆగుతుంది, పదిమంది దిగుతారు. తెల్ల చుక్కల బూడిదరంగు వీపు బస్సంత పొడవున పక్క నుంచి సాగిపోతుంది. ఒంటికి మూడు మీటర్లు, తోకకు నాలుగు మీటర్లు ఎడం పాటించాలి, తాకకూడదు. ఈ నియమాలే ఆ అనుభవానికి గౌరవం తెచ్చాయి. అయితే 2025 వేసవిలో నీరు వేడెక్కి పగడాలు బాగా తెల్లబారాయి. వెళ్లదలచినవాళ్లు పాత ఫొటోలు చూసి ఆశలు పెంచుకోవద్దు.

ఇంకో చిక్కు: ఎక్స్‌మౌత్ ఈతగాళ్ల ఊరు. మనలో చాలామందికి ఈత రాదు. వాళ్లకు అడుగున అద్దం అమర్చిన పడవ ఉంది గానీ, అంత దూరం పోయి అద్దంలోంచి చూసి రావడం నాకైతే సగం విందే. బ్రూమ్‌లో నీరే వెనక్కి పోయి చూపిస్తుంది. పోటుకూ ఆటుకూ తేడా తొమ్మిది, పది మీటర్ల దాకా ఉంటుంది. గాన్థోమ్ పాయింట్ దగ్గర నీరు బాగా దిగితే రాతి మీద 13 కోట్ల ఏళ్ల నాటి డైనోసార్ అడుగులు తేలతాయి. 1942 మార్చి 3న జపాన్ విమానాలు కాల్చేసిన నీటి విమానాల శిథిలాలు నీరు మరీ ఎక్కువగా దిగినప్పుడే బయటపడతాయి. పున్నమి రాత్రుల్లో బురద మీద వెన్నెల మెట్లు కట్టేదీ అప్పుడే.

ఈత వచ్చి, ఒకే అద్భుతం చాలనుకుంటే ఎక్స్‌మౌత్. లేకపోతే, నా ఓటు బ్రూమ్‌కే. ఏప్రిల్, అక్టోబరు మధ్య వెళ్లండి; విమానం టికెట్టు కొనేముందు ఆటుపోట్ల పట్టిక చూసుకోండి.