మూత బండి

బొమ్మబండికి చక్రంగా పెట్టే సీసా మూతకి నడిమధ్యనే బెజ్జం పడాలి. కాస్త పక్కకు జరిగితే బండి కుంటుతుంది. మూడో తరగతి పిల్లవాడికి ఈ సంగతి చెప్పేయడం తేలిక. వాడి చేతే కనిపెట్టించడం పనితనం. మంచి టీచరు ఆ మూతను తన చేతిలోకి తీసుకోరు. "ఎందుకు ఎగురుతోందిరా, చూడు" అని ఊరుకుంటారు. వాడు చీపురుపుల్ల ఇరుసును తిప్పి తిప్పి చూసి, ఇంకో మూత వెతుక్కుంటాడు. ఆ ఊరుకోవడం ఎంత కష్టమో పిల్లల్తో వేగినవాళ్లకే తెలుసు.

పిల్లలు ఇలా తమంతట తామే నేర్చుకునేలా మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టింది. ఒకే గదిలో పలు తరగతుల పిల్లలు ఎవరి మెట్టు వాళ్లు ఎక్కుతారు. 1999లో మొదలైన అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్‌కు కుప్పం దగ్గర 172 ఎకరాల ప్రాంగణం ఉంది; చౌక సామగ్రితో చేసిన నమూనాలు వ్యాన్లెక్కి ఊరి బళ్లకు వెళ్తాయి. నాకైతే ఆ ఎకరాలకన్నా వ్యాన్లే గొప్ప.

పుంగనూరులోనైతే మట్టి చాలు. పిల్లలు తమ ఊరి పొట్టి ఆవును చేస్తారు. కాళ్లు సన్నగా పెడితే కూలబడుతుంది, లావుగా, ఎడంగా పెడితే నిలబడుతుంది. బరువు, ఆధారం పాఠం అక్కడికి అయిపోయినట్టే. కొమ్ములు అతికించడం వేరే గొడవ.