ముందు కాగితం మీద పడనివ్వండి

"నాది ఉత్త డైరీ అండీ, సాహిత్యం కాదు" అని ముందే తప్పుకునేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు. పద్దుల పుస్తకం అంచున రెండు మాటలు, మనవరాలికి వాట్సాప్‌లో పెట్టిన ఊరి కబురు, చుట్టాలింటి పెళ్లి ముచ్చట... ఇవన్నీ రాస్తారు. రచన అనడానికి మాత్రం జంకుతారు.

వాళ్లకు నేను ఏనుగుల వీరాస్వామయ్య గారి సంగతి చెబుతాను. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్. 1830 మేలో పరివారంతో కాశీకి బయలుదేరి, మరుసటి ఏడాది సెప్టెంబరులో ఇల్లు చేరారు. దారిలో చూసిందల్లా రాసి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లైకి పంపుతూ వచ్చారు. ఏ ఊళ్లో బస కుదురుతుంది, నీళ్లెలా ఉంటాయి, అంగళ్లలో ఏం దొరుకుతాయి, దారి ఎలాంటిది అన్నవే ఎక్కువ. ఆయన పోయాక, 1838లో పిళ్లై దాన్ని అచ్చు వేయించారు. ఇవాళ 'కాశీయాత్ర చరిత్ర'ను పక్కనపెట్టి తెలుగు వచనం గురించి మాట్లాడలేం.

పద్యానిదే పెద్దపీట అయిన కాలంలో ఆయన కలం ఎందుకు తడబడలేదు? ఎదురుగా పండిత సభ లేదు, ఒక్క స్నేహితుడున్నాడు. పిళ్లైకి పనికొచ్చేలా చెబితే చాలు. ఆ ఒక్కడి కోసం ఊరూరా నిలిచి చూశారు. అలాగని రాసిందల్లా కళ అయిపోదు. "ఊరు బాగుంది" అని సరిపెట్టుకుంటే ఆ పుస్తకాన్ని ఇప్పుడు ఎవరు చదువుతారు? కళ ఉన్నదంతా ఆ చూపులోనే.

మరి మొదటి వాక్యం కుదరందే రెండోది కదలని బాధ మాటేమిటి? అది నాకూ ఉంది. ప్రతివారం గడువుకు కాలమ్ ఇచ్చి తీరాలి గనక బతికిపోతున్నాను. గడువు వచ్చేసరికి ఉన్నదాన్నే దిద్దుకోవాలి, లేనిదాని కోసం కూర్చోవడం కుదరదు.

గురజాడ అప్పారావు గారి కంటే పట్టుదల గల రచయిత ఎవరు? 'కన్యాశుల్కం' 1892లో రంగస్థలమెక్కింది, 1897లో అచ్చయింది. ఆయనకు తృప్తి కలగలేదు. బాగా పెంచి, తిరగరాసి 1909లో మళ్లీ తెచ్చారు. ఈనాడు మనం చదువుకుని నవ్వుకునేది ఎక్కువగా ఆ రెండోదాన్నే. మొదటిది బయటికి రాకుండా సొరుగులోనే ఉండిపోతే ఏం జరిగేదో చెప్పలేం. తిరగరాయడానికి మాత్రం ఆయన చేతిలో ఒక నాటకమంటూ ఉంది. నిక్కచ్చితనం మంచిదే. కానీ దాని వంతు రెండోసారి. మొదటిసారే వచ్చి కూర్చుంటే రాయనివ్వదు.

కాబట్టి ఈ రాత్రి పైన తేదీ వేసి, మీకు బాగా తెలిసిన ఒక్క మనిషికి రాయండి. వారం ఆగి, నచ్చని వాక్యం ఒకటి మార్చండి. అది కళా కాదా అన్నది చదివేవాళ్లు తేల్చుకుంటారు. తేల్చడానికి వాళ్లకు ముందు కాగితమంటూ అందాలి కదా!